ఆక్సిమీటర్ల 98 ఉంటే సరిపోతదా?

కరోనా కాలం నుంచి ఊర్లల్ల శానా ఇండ్లల్ల పల్స్ ఆక్సిమీటర్ ఉంటున్నది. ఏలికి పెడితే 98 చూపిస్తది. 'ఆక్సిజన్ మంచిగనే ఉంది, ఏం కాదు' అనుకుంటం. కని ఆ అంకె సగం ముచ్చటనే చెప్తది.

చేవెళ్ల నుంచి మొయినాబాద్ మీదికెళ్లి మెహిదీపట్నం పొయ్యే బస్సులనే చూడుండ్రి. నెత్తురుల హిమోగ్లోబిన్ బస్సు అయితే, ఆక్సిజన్ ప్యాసింజర్. సీట్లు ఎంత నిండినయో ఆక్సిమీటర్ చెప్తది. నడిచేటియి 15 బస్సులా, 5 బస్సులా అన్నది చెప్పదు. హిమోగ్లోబిన్ 15 గ్రాములుంటే 100 మిల్లీలీటర్ల నెత్తురు దగ్గరదగ్గర 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తది. 5 గ్రాములే ఉంటే 7 కూడా దాటదు. మీటర్ల మాత్రం రెండుసార్లూ 98 కనిపించొచ్చు.

మరి వెంటిలేటర్ మీద నూరు శాతం ఆక్సిజన్ పెడితే? కొంత ఆక్సిజన్ బస్సెక్కకుండ నడిచిపోయినట్టు, నెత్తురుల నేరుగ కరుగుతది. మామూలు గాలితోని ఇది 0.3 మిల్లీలీటర్లే. ఊపిరితిత్తులు మంచిగుంటే నూరు శాతం ఆక్సిజన్‌తోని 2 దాక పోతది. 20 ముందల ఇది చిన్న లెక్క. 7 ముందల నాలుగో వంతు. అందుకే రక్తహీనత ముదిరినోళ్లకు నెత్తురు ఎక్కించేదాక ఇది పానం కాస్తది. కని నెత్తురుకు బదులు కాదు.

సెప్సిస్ కథ వేరే. ఇన్ఫెక్షన్ మీద కొట్లాడుకుంట ఒళ్లు తన అవయవాలనే పాడు చేసుకునుడు సెప్సిస్. దీనికి ముందు కావాల్సినయి యాంటీబయాటిక్స్, సెలైన్, బీపీ నిలబెట్టే మందులు. ఆక్సిజన్ అవసరమున్నంతనే పెట్టాలె. ఫ్రాన్స్‌ల సెప్టిక్ షాక్‌తోని వెంటిలేటర్ మీదున్న 400 మందికి పైన రోగుల మీద పరీక్ష చేసిండ్రు. సగం మందికి మొదటి 24 గంటలు నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చిండ్రు. ఆళ్లల్ల ఊపిరితిత్తుల భాగాలు ముడుచుకపోవుడు, కండరాలు బలం తప్పుడు ఎక్కువైంది. 28 దినాలల్ల నూటికి 43 మంది పోయిండ్రు, రెండో దిక్కు 35 మంది. ప్రమాదమని పరీక్షనే నడుమ ఆపిండ్రు. 2017ల ఫలితాలు అచ్చయినయి.

తెలంగాణల 15–49 ఏండ్ల ఆడోళ్లల్ల సగం మందికి పైనే రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అట్లాంటి ఇంట్ల జరం, ఆయాసం, చేతులు సల్లవడుడు, మాట తడవడుడు కనవడితే 98 చూసి ఊకోవద్దు. 108కి ఫోన్ కొట్టుండ్రి. దవఖానల 'హిమోగ్లోబిన్ ఎంతుంది?' అని అడుగుండ్రి. డాక్టర్ ఆక్సిజన్ తగ్గిస్తే పట్టించుకుంటలేరని లొల్లి చెయ్యకుండ్రి, ఎందుకో అడిగి తెలుసుకోండ్రి. నెత్తురు కావాలంటే మాత్రం మీరే ముందుకు నడువుండ్రి.