కెన్యా దేశపు పత్రికలు

ఇంటికి పత్రిక వచ్చినంతనే మగవారు రాజకీయ వార్తలు చూతురు. మాకు తీరిక చిక్కుసరికి మధ్యాహ్నమగును. వారము తిరుగునప్పటికి అది అలమరలో డబ్బాల క్రింద పఱచు కాగితమగును. ఇంత సులభముగ వచ్చి పోవు కాగితమునకై తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశమున జనులెట్టి వెల చెల్లించిరో చదివిన పిదప దానిని పఱచుటకు మాకు చేయి రాకున్నది.

ఆ దేశపు పాత పత్రికలలో ముఖ్యమైనదానిని స్థాపించినవాడు కరాచీలో పుట్టిన వర్తకుడు ఎ. ఎం. జీవంజీ. 1902లో మొంబాసా రేవున ‘ఆఫ్రికన్ స్టాండర్డు’ను నెలకొల్పి, 1905లో ఇంగ్లీషువారికి అమ్మివేసెను. అది మొదలు ఆ పత్రిక, చల్లని మెట్టభూములను ఆక్రమించుకొన్న తెల్లదొరల పక్షముననే మాటాడుచు వచ్చెను. నేలకు సొంతదారులైన ఆఫ్రికనులకు తమ మొఱ చెప్పుకొనుటకు పత్రికయు లేదు, అచ్చుకూటమును లేదు.

1920 ప్రాంతమున తోటదొరలు కూలి తగ్గించిరి. గుడిసెపన్ను పెరిగెను. మగవారు గుర్తింపు చీటిని మెడలో వ్రేలాడగట్టుకొని తిరుగవలసివచ్చెను. స్త్రీలను, కన్నెపిల్లలను సైతము బలవంతముగ కాఫీతోటల పనికి తోలుచుండిరి. నైరోబీ ఖజానా కచేరీలో టెలిఫోను పనిచేయు హారీ థూకు అను పడుచువాడు దీనిని ప్రతిఘటించెను. అతనికి చోటిచ్చి, అతని కరపత్రములకు అచ్చు సాయమొనర్చినవాడు ‘ఈస్ట్ ఆఫ్రికన్ క్రానికల్’ పత్రికాధిపతి మణిలాల్ దేశాయి.

1922 మార్చి 14న థూకును పట్టుకొనిరి. 16వ తేదీన వేలకొలది జనులు పోలీసు ఠాణా ముందు గుమిగూడిరి. పెద్దలు కొందఱు పోయి అధికారులతో మాటాడి వచ్చి, ఇక ఇండ్లకు పొండని చెప్పిరి. అపుడు మేరీ ముథోని న్యాంజీరు అను స్త్రీ ముందునకు వచ్చి తన వస్త్రమును పైకెత్తి, దీనిని మీరు కట్టుకొని మీ లాగులు మాకిండని మగవారిని ధిక్కరించెనట! మాకు ద్రౌపది జ్ఞప్తికి వచ్చినది. అచట పరులు చీరకు చేయి సాచిరి; ఇచట ఒక స్త్రీ మగవారిని సిగ్గుపఱచుటకు తన మానమును తానే ఒడ్డినది. తక్కిన స్త్రీలు కేకలు వేయుచు ముందునకు నడచిరి. తుపాకులు పేలెను. న్యాంజీరు నేలకొరిగెను. అధికారుల లెక్కకే మృతులు 21 మంది.

1928లో జోమో కెన్యాట్టా సంపాదకత్వమున ‘ముయిగ్విథానియా’ అను మాసపత్రిక గికూయు భాషలో వెలువడెను. 1945లో హెన్రీ మువోరియా అను రైలు గార్డు ఉద్యోగము విడిచి ‘ముమెన్యెరెరి’ని ప్రారంభించెను. ఆ మాటకు కాపరి యని యర్థము. చదువు వచ్చినవాడొకడు బిగ్గఱగా చదువ, పదిమంది చుట్టును జేరి వినుచుండిరి. అతని భార్య జూడిత్ పత్రికాకార్యమున తోడ్పడుచుండెను. 1952 అక్టోబరు 20న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడి దేశభాషా పత్రికలు పెక్కు మూతపడెను. మువోరియా అప్పటికి లండనులో నుండెను. తిరిగి వచ్చిన చెఱసాల తప్పదు గనుక అచటనే నిలిచి, భూగర్భ రైళ్లలో గార్డుపని చేసి పొట్టపోసికొనెను. రైలు గార్డు పత్రికాధిపతి యయ్యెను, పత్రికాధిపతి మరల రైలు గార్డయ్యెను. మరియొక భార్య రూత్ లండనుకు పోయి అతనిని జేరుకొనెను. పత్రికాధిపతుల చరిత్రములు వ్రాయువారు వారి యిండ్లలో పొయ్యి యెట్లు రాజినదో వ్రాయుట అరుదు.

గోవా వంశమున జనించిన పియో గామా పింటో అను పత్రికారచయిత 1954 జనవరిలో ఎమ్మాను వివాహమాడెను. ఆ యేటనే తెల్లప్రభుత్వము అతనిని నిర్బంధించినది. భర్త నిర్బంధములో నున్న యేండ్లు ఆమె ఉద్యోగము చేసి యిల్లు గడపెను. 1963 డిసెంబరు 12న స్వాతంత్ర్యము వచ్చెను. 1965 ఫిబ్రవరి 24న, తన యింటి వాకిటనే, కారులో చిన్న కూతురు కూర్చుండి యుండగా పింటోను కాల్చి చంపిరి. తెల్లవారి చెఱనుండి బ్రదికి వచ్చినవానికి స్వరాజ్యమున రెండేండ్లు నిండలేదు.

పిదప ఏకపార్టీ ప్రభుత్వము, పత్రికల నిషేధములు—అవి చాల కలవు. 2006 మార్చిలో ముసుగులు తొడిగిన పోలీసులు రాత్రివేళ ఒక పత్రికాలయముపై బడి, అచ్చయిన ప్రతులను కుప్పవోసి తగులబెట్టిరి. మంత్రిగారిని అడుగగా, పామును కదలించినవాడు కాటునకు సిద్ధపడవలెనని సెలవిచ్చిరి. ఆ పత్రిక జీవంజీ 1902లో మొంబాసాలో నెలకొల్పినదే.