పరాయి ఇళ్ళకు వెళ్ళిన అరీటా బొమ్మలు

పదిహేడో శతాబ్దంలో జపాన్ నుంచి ఐరోపాకు ఓడలెక్కిన పింగాణీ మీద పాత అభియోగం ఒకటుంది: అది అసలైన జపాన్ కళ కాదు, పరాయివాళ్ళ మెప్పు కోసం చేసిన సరుకు అని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మింగ్ వంశం 1644లో కూలి, చైనా బట్టీల నుంచి సరుకు అందడం కష్టమైనప్పుడు డచ్ ఈస్టిండియా కంపెనీ జపాన్‌లో క్యూషూ దీవిలోని అరీటా బట్టీల వైపు తిరిగింది. 1659లో ఒక్కసారే యాభై ఆరు వేలకు పైగా పాత్రలకు ఆర్డరు పెట్టింది. ఆకారాలు ఎలా ఉండాలో కొయ్య నమూనాలు చేయించి చూపించింది. కొనేవాడు ఆకారం చెప్పాడు, నిజమే. అంతమాత్రాన చేసేవాడి చేతికి సొంత ఆలోచన లేదనుకోవడం తప్పు. పాత్ర మీది బొమ్మలే అందుకు సాక్ష్యం.

అరీటా శైలుల్లో ఒకటైన కాకియెమోన్ పళ్ళెం మీద తరచు కనిపించే దృశ్యం ఒకటి చూడండి. పెద్ద నీళ్ళ జాడీలో పిల్లవాడు పడిపోయాడు. తోటి పిల్లవాడు రాయితో జాడీ పగలగొట్టాడు, నీళ్ళతో పాటు పిల్లవాడూ బయటపడుతున్నాడు. ఆ రాయి విసిరినవాడు పదకొండో శతాబ్దపు చైనా చరిత్రకారుడు సిమా గ్వాంగ్, అతని బాల్యపు కథ ఇది. కొరియా కుమ్మరుల చేతుల్లో మొదలైన జపాన్ పింగాణీ మీద చైనా కథ! కథ తెలియని ఇంగ్లీషువాళ్ళు ఆ పిల్లవాడికి తమ ప్రహసనంలోని హాబ్ పేరు తగిలించి, తమ చెల్సీ పింగాణీ కార్ఖానాలో అదే బొమ్మను మళ్ళీ గీసుకున్నారు. ఇందులో ఏ పొరను కల్తీ అని తీసేస్తాం? ఎగుమతి మొదలవకముందే ఆ కళ కొరియా నుంచి, చైనా నుంచి నేర్చుకుంటూ పెరిగింది.

ఎరుపు, నీలం, బంగారంతో కిక్కిరిసిన, అరీటాలోనే చేసిన ఇమారి శైలి పాత్రల్లో జపాన్ నిగ్రహం ఏదని ఇంకొందరు అడుగుతారు. ఆ నిగ్రహం కూడా అదే ఓడల్లో వెళ్ళింది. బియ్యం కడిగిన నీళ్ళలాంటి తెలుపు మీద ఓ పక్కగా రెండు కౌజు పిట్టలు, ఒక గడ్డి దుబ్బు, మిగతా అంతా ఖాళీ: ఇప్పుడు ‘జపాన్‌తనం’ అని మనం మెచ్చుకునే ఈ కాకియెమోన్ పాత్రల్లో ఎక్కువ భాగం ఐరోపా కోసం చేసినవే. 1710లో జర్మనీలో మొదలైన మైసెన్ పింగాణీ కార్ఖానా వాటిని చూసే గీత నేర్చుకుంది. మరీ గొప్ప సంగతి, చైనా బట్టీలు తేరుకున్నాక జింగ్‌డెజెన్ పనివాళ్ళు ఇమారి రంగులను అనుకరించి అదే ఐరోపాకు అమ్మారు. ఒకప్పుడు అరీటా నీలిరంగు బొమ్మలు నేర్చుకున్నది చైనా పాత్రలను చూసే.