ఐరోపాకు ఆన్‌లైన్‌లో పూతరేకుల అమ్మకం: పాటించవలసిన చట్ట నిబంధనలు

గోదావరి డెల్టాకు చెందిన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు పూతరేకుల పేరును అనుకరణల నుంచి కాపాడుతుంది. అయితే అది ఐరోపా సమాఖ్య దేశాలలోకి ప్రవేశానికి అనుమతిపత్రం కాదు. జర్మనీలోనో, ఐర్లాండ్‌లోనో ఉన్న వినియోగదారునికి ఆన్‌లైన్‌లో అమ్మిన ఒక్క పెట్టె కూడా అక్కడి చట్టం దృష్టిలో దిగుమతి సరుకే. నిబంధనలకు లోబడని సరుకును సరిహద్దులోనే తిప్పి పంపవచ్చు లేదా ధ్వంసం చేయవచ్చు. కాబట్టి పూతరేకులోని ఒక్కొక్క పదార్థాన్ని విడివిడిగా పరిశీలించుకోవాలి.

నెయ్యి: మొక్కల నుంచి లభించే పదార్థాన్ని, శుద్ధి చేసిన పాల పదార్థాన్ని కలిపి చేసినది 'మిశ్రమ ఆహారం' అవుతుంది. 2021 ఏప్రిల్ 21 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం, నెయ్యి శాతం ఎంత తక్కువైనా, అది ఐరోపా సమాఖ్య అనుమతించిన దేశంలో, అనుమతి పొందిన కేంద్రంలో తయారైనదై ఉండాలి. ఇంట కాచిన నెయ్యి ఎంత స్వచ్ఛమైనదైనా ఈ షరతును తీర్చలేదు. నెయ్యి, తీపి లేని ఉత్త రేకులను అమ్మితే ఈ నియమం వర్తించదు. కొనుగోలుదారు అక్కడ దొరికే నెయ్యితో వాటిని చుట్టుకోవచ్చు.

బియ్యం: ఉత్త రేకులకైనా పురుగుమందుల అవశేష పరిమితి తప్పదు. వరిలో అగ్గితెగులు నివారణకు వాడే ట్రైసైక్లజోల్ పరిమితిని ఐరోపా సమాఖ్య 2017లో కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01 మిల్లీగ్రాముకు తగ్గించింది. అంటే వెయ్యి టన్నుల బియ్యంలో 10 గ్రాములు మాత్రమే. ఈ పరిమితిని మిల్లులో గానీ, రేకులు తీసే కుండ దగ్గర గానీ సాధించలేము, పొలంలోనే సాధించాలి. తెగులును తట్టుకునే రకాల ఎంపిక, మితమైన నత్రజని, పిచికారీ వివరాల నమోదు ఇందుకు అవసరం. ఏ రైతు పొలం నుంచి ఏ బియ్యం వచ్చిందో తయారీదారు రాసి ఉంచుకోవాలి.

బెల్లం: బెల్లం రంగు తేలడానికి కొందరు 'హైడ్రాస్' కలుపుతారు. ఆహారంలో సల్ఫైట్లు కిలోకు 10 మిల్లీగ్రాములు మించితే ఆ విషయాన్ని లేబులుపై తప్పక పేర్కొనాలి. రసాయనం కలపని బెల్లం వాడటం మేలు.

లేబులు, అమ్మకం: పాలు, జీడిపప్పు, బాదం, పిస్తా వంటి అలర్జీ కారకాలను పదార్థాల జాబితాలో ప్రస్ఫుటంగా చూపాలి. సమాఖ్యలోని దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. వివరాలు ఆ దేశ వినియోగదారులకు సులభంగా అర్థమయ్యే భాషలో ఉండాలి. ఆన్‌లైన్ అమ్మకంలో గడువు తేదీ మినహా మిగిలిన తప్పనిసరి సమాచారమంతా కొనుగోలుకు ముందే కనిపించాలి. 22 యూరోల లోపు పార్సిళ్లకు ఉన్న విలువ ఆధారిత పన్ను మినహాయింపు 2021 జూలై 1 నుంచి రద్దయింది. కొనుగోలుదారుల పేర్లు, చిరునామాల వినియోగానికి 2018 మే 25 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ వర్తిస్తుంది. బ్రిటన్ ఇప్పుడు సమాఖ్యలో లేనందున అక్కడి నిబంధనలను వేరుగా చూసుకోవాలి.

మన దేశంలో ఆహార భద్రతా లైసెన్సు, ఎగుమతి-దిగుమతి కోడ్ పొందిన తరువాత, తయారీదారులు తొలుత ఉత్త రేకులతో ఆరంభించడం శ్రేయస్కరం. ఒక్కో బ్యాచ్ బియ్యాన్ని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో అవశేషాలకు పరీక్షింపజేసి, ఆ తరువాతే ఆర్డర్లు స్వీకరించాలి.