ఒకే ఒక్క టెస్టు కెప్టెన్

క్రికెట్టుని అమెరికాకి మోసుకొచ్చింది మనమేనని ఇక్కడ పుట్టిన మన పిల్లలు అనుకుంటూ ఉంటారు. నిజానికి 1932లోనే హాలీవుడ్‌లో ఒక క్రికెట్ క్లబ్బు వెలిసింది. దాన్ని పెట్టినాయన ఒకప్పుడు ఇంగ్లండు కెప్టెను, తరవాత సినిమా నటుడు. పేరు సి. ఆబ్రీ స్మిత్.

స్మిత్ 1863లో లండన్‌లో ఒక డాక్టరుగారింట పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదువుకుంటూ యూనివర్సిటీ జట్టుకి ఆడాడు. తరవాత ససెక్స్ కౌంటీకి కెప్టెనయ్యాడు. ఫాస్ట్ బౌలరు. వంకరగా, ఒక్కోసారి అంపైరు వెనకనించి ఊడిపడ్డట్టుగా పరిగెత్తుకొచ్చేవాడు. అందుకే 'రౌండ్ ది కార్నర్ స్మిత్' అన్నారు.

ఆ రోజుల్లో ఇంగ్లండు క్రికెట్టులో రెండు కులాలుండేవి. జీతం పుచ్చుకోకుండా ఆడే పెద్దింటివాళ్ళు అమెచ్యూర్లు. డబ్బు తీసుకుని ఆడేవాళ్ళు ప్రొఫెషనల్స్. ఇద్దరికీ డ్రెస్సింగ్ రూములు వేరు, స్కోరుకార్డులో పేర్లు వేసే పద్ధతీ వేరు. కెప్టెన్సీ మామూలుగా అమెచ్యూరుకే దక్కేది. 1963 సీజనుకి గానీ ఈ తేడా పోలేదు. అయితే అమెచ్యూరు హోదా గౌరవం ఇస్తుందే తప్ప అన్నం పెట్టదు. స్మిత్ జీవితంలోని మలుపులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

1888-89లో మేజర్ వార్టన్ అనే ఆయన ఇంగ్లండు నుంచి మొట్టమొదటిసారిగా ఒక జట్టుని దక్షిణాఫ్రికా తీసుకెళ్ళాడు. దానికి స్మిత్ కెప్టెను. 1889 మార్చి 12, 13 తేదీల్లో పోర్ట్ ఎలిజబెత్‌లో జరిగిన మాచ్‌లో, మొదటి ఇన్నింగ్స్‌లో 19 పరుగులకి 5 వికెట్లు, రెండో ఇన్నింగ్స్‌లో 42కి 2 వికెట్లు తీశాడు. ఇంగ్లండు 8 వికెట్ల తేడాతో గెలిచింది. కేప్‌టౌన్‌లో రెండో మాచ్ నాటికి జ్వరంతో పడుకుంటే మాంటీ బోడెన్ కెప్టెన్సీ చేశాడు. స్మిత్ మళ్ళీ ఇంగ్లండుకి ఆడలేదు. తమాషా ఏమిటంటే, తను ఆడింది టెస్టు అని ఆయనకి అప్పుడు తెలియదు! ఆ మాచ్‌లకి టెస్టు హోదా తరవాతెప్పుడో ఇచ్చారు.

స్మిత్, బోడెన్ ఇద్దరూ బంగారు గనుల ఊరు జొహానెస్‌బర్గ్‌లో ఉండిపోయి షేర్ల వ్యాపారం పెట్టారు. అక్కడ స్మిత్‌కి పెద్ద జబ్బు చేస్తే, పోయాడని పేపర్లో కూడా వేసేశారు! ఆయన బతికాడు గానీ, బోడెన్ 1892లో 26 ఏళ్ళకే ఆఫ్రికాలో చనిపోయాడు.

స్మిత్ ఇంగ్లండుకి తిరిగొచ్చి నాటకాల్లో చేరాడు. ఆటలో పుచ్చుకోని జీతం రంగస్థలం మీద సంపాదించుకున్నాడు. అరవై దాటాక హాలీవుడ్ చేరి 'ది ప్రిజనర్ ఆఫ్ జెండా' (1937), 'రెబెకా' (1940) లాంటి సినిమాల్లో పెద్దమనిషి వేషాలు వేశాడు. గ్రిఫిత్ పార్కులో ఆయన క్లబ్బు ఆడేది. బోరిస్ కార్లాఫ్, డేవిడ్ నివెన్ లాంటి నటులు, రచయిత పి.జి. వుడ్‌హౌస్ అందులో సభ్యులు. పరాయి దేశంలో తనవాళ్ళని కలుపుకోడానికి ఆయనకి దొరికిన తాడు క్రికెట్టు. 1944లో 'సర్' బిరుదు వచ్చింది. 1948లో బెవర్లీ హిల్స్‌లో పోయాడు. అస్థికలు మాత్రం ససెక్స్‌లోని హోవ్‌కి చేరాయి.

1984 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్ సమయంలో గుర్రపు స్వారీ కేంద్రం కోసం గ్రిఫిత్ పార్కు క్రికెట్ మైదానం పోయింది. 2028లో అదే నగరంలో జరిగే ఒలింపిక్స్‌లో క్రికెట్టు ఉండాలని 2023లో నిర్ణయించారు. మధ్యకాలంలో ఆ ఊళ్ళో ఆటని బతికించింది వెస్టిండీస్ నుంచీ, మన ఉపఖండం నుంచీ వెళ్ళిన వలసదారులు. పిల్లలకి బాటు చేతికిచ్చేటప్పుడు ఈ కథ కూడా చెబుదాం.