స్టార్టర్ మూతలోని బొమ్మ

సంచికకు ఏదైనా రాయమంటే ముందు కవిత రాద్దామనుకున్నాను. తర్వాత, మన మడకశిర చుట్టుపక్కల ప్రతి బోరు దగ్గరా ఉండి కూడా ఎవరూ చదవని ఒక బొమ్మ గురించి రాస్తే మేలనిపించింది.

నేను పదో తరగతిలో ఉండగా మా బోరు మోటారు కాలిపోయింది. అప్పుడు పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు ఎక్కువగా తినే రోజులు. మల్బరీకి నీళ్లు లేవు. మోటారు పైకి తీసి, రీవైండింగ్ చేయించి, మళ్లీ దించేసరికి వారం దాటింది. పంట పోయింది, అప్పు మిగిలింది. "స్టార్టర్ ఉండి కూడా మోటారు ఎందుకు కాలింది?" అన్నాడు నాయన. డబ్బా మూత లోపల ఒక బొమ్మ అతికించి ఉంది. "చదువుకుంటున్నావు గదా, చూడు" అన్నాడు. గీతలు, అంకెలు తప్ప నాకేమీ అర్థం కాలేదు. మా ఇంట్లో బడికి పోయిన మొదటివాణ్ణి నేనే. ఆ రోజు తల దించుకున్నాను.

ఇంజనీరింగు రెండో సంవత్సరంలో అదే బొమ్మ మాతో గీయించారు. అప్పుడు తెలిసిన సంగతులు మీకూ చెబుతాను.

మొదటిది. బొమ్మలో యంత్రం నిద్రపోతున్నట్టు గీస్తారు. అంటే కరెంటు లేదు, బటన్ ఎవరూ నొక్కలేదు. ఆ స్థితిలో విడిగా ఉండే కాంటాక్టును నార్మల్లీ ఓపెన్ అని, కలిసి ఉండేదాన్ని నార్మల్లీ క్లోజ్‌డ్ అని అంటారు. గీత మధ్యలో తెగి, ఒక ఏటవాలు గీత పక్కకు వాలి ఉంటే ఓపెన్. ఆ ఏటవాలు గీత అవతలి కొసను తాకుతూ ఉంటే క్లోజ్‌డ్. పచ్చ బటన్ ఓపెన్, ఎర్ర బటన్ క్లోజ్‌డ్. ఎర్ర బటన్ అలా ఎందుకు? దాని వైరు తెగినా మోటారు ఆగిపోవాలని.

రెండోది. ఒకే వస్తువు భాగాలు బొమ్మలో వేర్వేరు చోట్ల కనిపిస్తాయి. మన పేరు హాజరు పుస్తకంలో ఉంటుంది, మెస్సు పుస్తకంలో ఉంటుంది, లైబ్రరీ పుస్తకంలో ఉంటుంది. మనిషి మాత్రం ఒక్కడే. అలాగే కాంటాక్టర్ కాయిల్ ఒక చోట చిన్న దీర్ఘచతురస్రంగా ఉంటుంది, దాని కొసలు ఏ1, ఏ2. మోటారుకు కరెంటు పంపే మూడు పెద్ద కాంటాక్టులు మరో చోట ఉంటాయి. 13, 14 అంకెలున్న చిన్న కాంటాక్టు ఇంకో చోట. అన్నింటి పక్కనా ఒకే పేరు రాసి ఉంటే అన్నీ ఒకే కాంటాక్టర్‌వి. కాయిల్ లాగితే అన్నీ ఒకేసారి కదులుతాయి.

మూడోది. బొమ్మలో రెండు దారులుంటాయి. ఒకటి మోటారుకు పోయే పవర్ దారి. రెండోది దానికి ఆజ్ఞ ఇచ్చే కంట్రోల్ దారి. రెండో దాని మీద వేలు పెట్టి నడవండి. ఆర్ ఫేజు నుంచి ఫ్యూజు, అక్కడి నుంచి ఓవర్‌లోడ్ రిలేలోని 95–96 కాంటాక్టు, తర్వాత ఎర్ర బటన్, పచ్చ బటన్, కాయిల్, చివరికి వై ఫేజు. పచ్చ బటన్ నొక్కితే కాయిల్ లాగుతుంది, మోటారు తిరుగుతుంది. వేలు తీసినా ఆగదు. ఎందుకంటే పచ్చ బటన్‌కు సమాంతరంగా ఉన్న 13–14 కాంటాక్టు అప్పటికే కలిసి, కాయిల్‌కు దారి నిలబెట్టింది. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది, 13–14 విడిపోతుంది. కరెంటు మళ్లీ వచ్చినా ఎవరో ఒకరు నొక్కేదాకా మోటారు తిరగదు. మోటారు దగ్గర పని చేసేవాడికి అది రక్ష. ఆటో స్టార్టర్ పెడితే ఆ రక్ష పోతుంది. పైగా కరెంటు రాగానే చేలల్లోని మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ బరువంతా ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది.

ఇప్పుడు నాయన ప్రశ్నకు వద్దాం. ఆర్ గానీ వై గానీ పోతే కాయిల్‌కు సరిగా కరెంటు అందక మోటారు ఆగిపోవచ్చు. బి ఫేజు పోతే? కాయిల్‌కు ఆ సంగతే తెలియదు. మోటారు రెండు ఫేజుల మీదే తిరుగుతూ ఉంటుంది. మిగిలిన రెండు తీగల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లు అవుతుంది. ఐదు హెచ్‌పీ మోటారు 8 ఆంపియర్లు తీసుకునేచోట సుమారు 14 తీసుకుంటుంది. అప్పుడు కాపాడేది ఓవర్‌లోడ్ రిలే ఒక్కటే. దానిలోని లోహపు పట్టీలు వేడెక్కి వంగి 95–96 ను విడదీస్తాయి, కాయిల్ వదిలేస్తుంది.

మా డబ్బాలో 95, 96 మధ్య ఒక వైరు ముక్క కలిపి ఉంది. రిలే మాటిమాటికి పడిపోతోందని నాయనే కలిపించాడు. అది మొరాయించడం కాదు, హెచ్చరిక అని మాలో ఎవరికీ తెలియదు. బొమ్మ చదవడం వచ్చినవాడు ఇంట్లో ఒక్కడున్నా ఆ వైరు పెట్టనిచ్చేవాడు కాదు.

ఐటీఐ, పాలిటెక్నిక్‌లకు పోవాలనుకునే తమ్ముళ్లకు ఒక మాట. పెనుకొండ దగ్గర 2019లో ప్రారంభమైన కియా కార్ల ఫ్యాక్టరీ లాంటి చోట్లకు పోయినా, హంద్రీ–నీవా కోసం మాల్యాల దగ్గర శ్రీశైలం నీళ్లెత్తే పంపుల దగ్గరకు పోయినా, బొమ్మ పెద్దదవుతుంది గానీ చదివే పద్ధతి ఇదే. స్టార్–డెల్టా స్టార్టర్లో మూడు కాంటాక్టర్లు, ఒక టైమర్ ఉంటాయి. స్టార్ కాంటాక్టర్ తాలూకు క్లోజ్‌డ్ కాంటాక్టును డెల్టా కాయిల్ దారిలో, డెల్టాదాన్ని స్టార్ కాయిల్ దారిలో పెడతారు. రెండూ ఒకేసారి కలిస్తే షార్ట్ అవుతుంది కాబట్టి. అమెరికా పద్ధతి బొమ్మల్లో కాంటాక్టును రెండు నిలువు గీతలుగా, కాయిల్‌ను గుండ్రంగా గీస్తారు. చూసి కంగారు పడకండి.

నేర్చుకోవడానికి కరెంటుతో పని లేదు. డబ్బా ఎవరూ తెరవవద్దు. నోటుపుస్తకంలో బొమ్మ గీసి, ఒక్కో చోట వేలు పెట్టి "ఇది తెగితే ఏమవుతుంది?" అని అడుగుతూ పోండి. చూడకుండా రెండుసార్లు గీయగలిగితే వచ్చినట్టే.

ఇప్పుడు మా డబ్బాలో ఆ వైరు ముక్క లేదు. రిలే పడితే నాయన దాన్ని తిట్టడు. మెయిన్ దించి, ముందు మూడు ఫ్యూజులూ చూస్తాడు.