ఫోనుకు కనిపించే వైఫై ల్యాప్‌టాప్‌కు ఎందుకు కనిపించదు?

రూటర్ లైట్లు వెలుగుతున్నాయి, ఫోనుకు వైఫై అందుతోంది. ల్యాప్‌టాప్ జాబితాలో మాత్రం పక్కింటివారి వైఫై పేరు ఉంది కానీ, మన ఇంటిది లేదు. వెంటనే కొత్త రూటర్ కొనడం తొందరపాటే. పాతది పనిచేస్తోందని ఫోనే చెబుతోంది కదా!

రూటర్ తన పేరును సెకనుకు దాదాపు 10 సార్లు రేడియో తరంగాల్లో చాటుతుంది. ఆ ఛానల్‌ను కంప్యూటర్ వింటేనే పేరు కనిపిస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే తెలుసు. రూటర్ 5 గిగాహెర్ట్జ్‌లోనే ప్రసారం చేస్తుంటే, వాటి దృష్టిలో అది లేనట్టే.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇంకో చిక్కు ఉండొచ్చు. 2.4 బ్యాండ్‌లో మన దేశంలో 13 ఛానళ్లు వాడుకోవచ్చు. అమెరికా మార్కెట్ పరికరాలు సాధారణంగా 11 దగ్గరే ఆగిపోతాయి. ఇక్కడి రూటర్ తనంతట తానే 13వ ఛానల్‌కు, అంటే 2472 మెగాహెర్ట్జ్‌కు, వెళ్లిందంటే ఆ ల్యాప్‌టాప్‌కు వినిపించకపోవచ్చు. రూటర్‌ను ఆపి మళ్లీ వేస్తే ఒక్కోసారి పేరు ప్రత్యక్షమవుతుంది. అప్పటికి వేరే ఛానల్ ఎంచుకుని ఉంటుంది, అంతే.

ఫోనులోనే రూటర్ సెట్టింగులు తెరవాలి. 2.4 గిగాహెర్ట్జ్ ఆన్‌లో ఉందా, పేరు దాచే ఆప్షన్ ఆఫ్‌లో ఉందా చూడాలి. తర్వాత ఛానల్‌ను 'ఆటో' నుంచి తప్పించి 1, 6, 11లలో ఒకదానిపై ఉంచాలి.