కాలేజీ సీటుకు ముందు కాగితాలు



చూడి ఎనుముకు ఈనడానికి రెండు నెలల ముందే పాలు పితకడం మానేస్తాము, దాణా పెంచుతాము. ఈనిన రోజున దాణాకోసం అంగడికి పరుగెత్తితే ఆ ఈతలో పాలు కుదరవు. బిడ్డల కాలేజీ చదువు సంగతీ ఇంతే. ఫలితాలు వచ్చిన తరువాత మొదలుపెడితే చాలా పనులు మించిపోతాయి.

కొన్నేళ్ల క్రిందట ఆలూరు వైపు ఒక సంఘం తనిఖీకి వెళ్లాను. ఒక సభ్యుడు వచ్చి, "సార్, మావానికి ఇంజనీరింగు సీటు ఇస్తామంటున్నారు, ఫీజు గవర్నమెంటే కడుతుందంట, చేర్చేదా?" అని అడిగాడు. నేను లెక్కల పుస్తకంలో తల పెట్టుకుని, "వస్తుందిలేప్పా, చేర్చు" అన్నాను. అది కన్వీనరు సీటు కాదు, స్పాట్ సీటు. ఫీజు సర్కారు నుంచి రాలేదు. రెండు పాడి ఎనుములు అమ్మి అతడు ఫీజు కట్టాడు. మూడు పూటలు మన సంఘానికి పాలు పోయలేదు, తరువాత పోయడమే మానుకున్నాడు. తెలియని సంగతికి తెలిసినట్లు జవాబు చెప్పిన తప్పు నాది. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1. సీటు ఏ దారిన వచ్చిందో చూడండి

మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నుంచి ఏదో ఒక పేరుతో నడుస్తున్నది. పేర్లు మారినా మూల సూత్రం ఒకటే. ప్రవేశ పరీక్ష వ్రాసి, కౌన్సెలింగులో కన్వీనరు కేటాయించిన సీటుకే ఈ సహాయం. ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలలో 70 శాతం సీట్లు కన్వీనరువి, 30 శాతం యాజమాన్యానివి. యాజమాన్యపు సీటుకు, స్పాట్ సీటుకు సహాయం లేదు. ఇంటికి వచ్చి తీయగా మాట్లాడే ఏజెంటును ముందుగా ఈ ప్రశ్నే అడగండి: "ఇది కన్వీనరు సీటేనా? అలాట్‌మెంటు కాగితం చూపించు."

2019లో వెలువడిన ఉత్తర్వులలో కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలకు మించరాదని, భూమి మాగాణి అయితే 10 ఎకరాలు, మెట్ట అయితే 25 ఎకరాలకు లోబడి ఉండాలని, హాజరు 75 శాతం తగ్గరాదని నియమాలు పెట్టారు. దరఖాస్తు చేసే యేటి నియమాలు ఏమిటో సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

2. ట్రంకు పెట్టెలో ఉండవలసిన కాగితాలు

ఆధార్‌లోను, పదవ తరగతి మార్కుల పట్టీలోను పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉండాలి. ఒకచోట "వెంకటేశు", మరొకచోట "వెంకటేశ్వర్లు" అని ఉంటే తొమ్మిదవ తరగతిలోనే సరిచేయించండి.

ఆరవ తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం పాత కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. 85 శాతం సీట్లు స్థానికులకే. మామూలుగా చివరి నాలుగేండ్లు ఎక్కడ చదివారన్నదే స్థానికతకు లెక్క. బిడ్డను బళ్లారిలోనో, రాయచూరులోనో బంధువుల ఇంట పెట్టి చదివించేవారు ముందే ఆలోచించుకోవాలి. మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోయినప్పుడు బిడ్డను అక్కడి బడిలో చేర్చి ఉంటే, తిరిగి వచ్చేటప్పుడే సర్టిఫికెట్ తెచ్చుకోండి.

కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం లేదా బియ్యం కార్డు, బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉండాలి. ఖాతాకు ఆధార్ ముడిపడి ఉన్నదో లేదో బ్యాంకులో విచారించండి. రిజర్వేషన్ లేని కులాల పేదలకు ఈడబ్ల్యుఎస్ పత్రం ఉంది. అది ఏటేటా తీసుకోవాలి.

3. పదవ తరగతి తరువాత దారులు

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో ఏర్పడింది. పదవ తరగతి మార్కులతోనే ఆరేండ్ల చదువు. సర్కారు బడి పిల్లలకు 4 శాతం మార్కులు కలుపుతారు. పాలిసెట్ వ్రాస్తే మూడేండ్ల డిప్లొమా. తరువాత ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరవచ్చు. నేను డిప్లొమా చదివినవాణ్ణే. దానిని తక్కువగా చూడకండి. పాడి ఇంట పెరిగిన బిడ్డకు పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేండ్ల డిప్లొమా ఉంది. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. మన సంఘాలకు కావలసినవారు అక్కడినుంచే వస్తారు.

4. మరికొన్ని సహాయాలు

సర్కారు బడిలో ఎనిమిదవ తరగతి చదువుతూ ఎన్ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైన బిడ్డకు తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు. సాంకేతిక విద్యలో చేరిన ఆడబిడ్డలకు ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000. ఆదాయం 8 లక్షలలోపు ఉండాలి, ఇంటికి ఇద్దరి వరకు. అందరికీ రాదు, ఎంపిక ఉంటుంది. అయినా దరఖాస్తు చేయనివారికి అసలే రాదు.

ఫీజు బాకీ ఉన్నదని కొన్ని కాలేజీలు అసలు సర్టిఫికెట్లు ఇవ్వవు. వాటిని ఉంచుకోరాదని 2018లో యూజీసీ స్పష్టంగా చెప్పింది. సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలి. వ్రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి.

5. సంఘం చేయగల పని

కార్యదర్శులకు నా మనవి. పాల కేంద్రంలో ఒక పుస్తకం పెట్టి, సభ్యుల ఇళ్లలో తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లల పేర్లు వ్రాయండి. ఎవరికి ఏ కాగితం లేదో ఎదురుగా గుర్తు పెట్టండి. సంక్రాంతి తరువాత ఒకనాటి సాయంత్రం బడి పంతులుగారిని పిలిచి ఆ పట్టీ చదివించండి. దీనికి ఖర్చు లేదు. నిబంధనావళిలో వీలుంటే సర్వసభ్య సమావేశం తీర్మానంతో దరఖాస్తు రుసుముకు, కౌన్సెలింగు ప్రయాణానికి నిధి నుంచి చేబదులు ఇవ్వవచ్చు. పాల బిల్లులో వాయిదాలుగా పట్టుకోవచ్చు.

పాలు పోసేటప్పుడే వెన్న శాతం చూసుకుంటాము. బిల్లు చేతికి వచ్చాక గొడవపడితే లాభం లేదు. మార్కులు తెచ్చుకోవడం బిడ్డల వంతు. కాగితాలు చక్కబెట్టడం పెద్దలమైన మన వంతు. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు లెక్కల పుస్తకంకంటే ముందు ఆ పిల్లల పుస్తకమే చూపించమని అడుగుతాను.